మార్కులు వేయడం అంత తేలిక కాదు

తండ్రి గనుల ఇంజనీరు. కొడుకు చదివింది లా, చేసింది గవర్నమెంటు ఉద్యోగం, చివరికి అయ్యింది సంగీతకర్త. బ్రాంచి ఒకటి, మనసు ఇంకొకటి అయిన మనలో చాలామందికి ప్యోటర్ చైకోవ్‌స్కీ కథ తెలిసినట్టే ఉంటుంది. నాకు మాత్రం ఇంకో విషయం ఆసక్తిగా అనిపించింది. ఆయన సంగీతం గొప్పదా కాదా అని తేల్చడంలో మహామహులే తడబడ్డారు.

1840లో రష్యాలోని వోట్కిన్‌స్క్‌లో పుట్టాడు. 1859లో న్యాయశాఖలో చేరాడు. నాలుగేళ్లకే అది వదిలేసి పూర్తిగా సంగీతానికి అంకితమయ్యాడు. 1866 నుంచి మాస్కో సంగీత కళాశాలలో పాఠాలు చెప్పాడు.

1874 డిసెంబరులో తన మొదటి పియానో కన్చెర్టోను ఆ కళాశాల డైరెక్టర్ నికొలాయ్ రూబిన్‌స్టీన్‌కి వినిపించాడు. ఆయన పనికిరాదని తేల్చేశాడు. మరుసటి ఏడాది బోస్టన్‌లో హన్స్ ఫాన్ బ్యూలో వాయిస్తే జనం బ్రహ్మరథం పట్టారు. తర్వాత రూబిన్‌స్టీన్ కూడా దాన్ని వాయించాడు. 1878 నాటి వయొలిన్ కన్చెర్టోదీ అదే దారి. లియొపోల్డ్ ఔవర్ వాయించనన్నాడు. 1881లో వియన్నాలో అడాల్ఫ్ బ్రాడ్‌స్కీ వాయిస్తే విమర్శకుడు హాన్‌స్లిక్ చీల్చి చెండాడాడు. ఔవర్ మాత్రం తర్వాత మనసు మార్చుకుని, తనే వాయించాడు.

అలాగని జనం చప్పట్లే కొలబద్దా? అదీ కాదు. ఫిరంగుల మోతతో ఊరూరా మోగే '1812' ఓవర్చర్‌ను చైకోవ్‌స్కీయే పెద్ద గొప్పగా అనుకోలేదు.

1893 అక్టోబరు 28న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తన ఆరో సింఫనీని తనే నడిపించాడు. విన్నవాళ్లు అయోమయంలో పడ్డారు. తొమ్మిది రోజులకు ఆయన చనిపోయాడు. అదే నెలలో మళ్లీ వాయిస్తే అదే ఊరు కదిలిపోయింది. ఆ మార్కులు సంగీతానికి పడ్డాయా, చావుకి పడ్డాయా?

రొమాంటిక్ యుగపు సంగీతం మీద ఇప్పటికీ ఉన్న ఫిర్యాదు ఒకటే: భావం ఎక్కువ, బుర్ర తక్కువ. ఆ సింఫనీ రెండో భాగం వింటే నాకలా అనిపించదు. వాల్ట్‌జ్‌లా హాయిగా సాగుతుంది, కానీ లెక్క మూడు కాదు, ఐదు. రెండూ మూడుగా విడిపోయే ఐదు, మన ఖండచాపులాగే. ఇక ఆఖరి భాగం, సింఫనీలు మామూలుగా ముగిసే ఆర్భాటం లేకుండా, నెమ్మదిగా అణిగిపోతుంది. ఇది ఏడుపు ఆపుకోలేనివాడి పని కాదు, ఎక్కడ ఆపాలో తెలిసినవాడి పని. విలువ కట్టాలంటే నేను చూసేది ఇదే: పదోసారి విన్నప్పుడు కన్నీళ్లు ఆరిపోయినా, ఆ కట్టుబడి నిలబడుతోందా లేదా అని. ఆరో సింఫనీ నిలబడింది.