వంగ కథకుడు శరత్ బాబు

వంగదేశమున హుగ్లీ మండలమందలి దేవానందపురమను పల్లెలో 1876వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన శరచ్చంద్ర చట్టోపాధ్యాయుడు జన్మించెను. తెలుగు పాఠకులు ఇంటివానివలె శరత్ బాబని పిలుచుకొను కథకుడీయనయే. తండ్రి మోతీలాల్ చదువుకొన్నవాడే కాని యే కొలువునందును నిలువనివాడు. కథలను, నవలలను ఉత్సాహముతో ఆరంభించి నడుమ విడిచిపెట్టువాడు. ఆ సగము వ్రాతలను వెదకి చదివి, తరువాయి కథ యేమై యుండునో యని రాత్రులు మేల్కొని యూహించుటయే కుమారునకు తొలి సాహిత్యవిద్య. తండ్రి యిచ్చిన ఆస్తి అంతకుమించి లేదు.

ఇల్లు గడవక ఆ కుటుంబము భాగల్పూరులోని మేనమామల పంచను చేరెను. శరత్ 1894లో ప్రవేశపరీక్ష నెగ్గెను; మఱుసటి యేట తల్లి భువనమోహిని గతించెను. ఆపైని ఎఫ్.ఏ. పరీక్షకు కట్టవలసిన రుసుము సమకూడక చదువు నిలిచిపోయెను.

1903లో బ్రతుకుతెరువు వెదకుచు ఆయన ఓడ యెక్కి బర్మాకు పోయెను. పోవుటకు ముందొక కథ వ్రాసి, తన పేరు పెట్టుటకు వెఱచి, మేనమామ వరుసయైన సురేంద్రనాథుని పేర పోటీకి పంపెను. దానికే బహుమతి వచ్చెను! రంగూనులో మొదట రైల్వే లెక్కల కచేరీలోను, పిదప మరామత్తుశాఖ లెక్కల కచేరీలోను గుమాస్తాగా పనిచేసెను. నివాసము కూలివాండ్రు, కమ్మరులు, యంత్రకార్మికులు కాపురముండు పేటలో. అక్కడివారికి అర్జీలు వ్రాసిపెట్టుట, హోమియో మందులిచ్చుట ఆయన వంతు. పగలెల్ల జమాఖర్చులు వ్రాసిన చేతికి రాత్రి కథ వ్రాయు ఓపిక యెట్లు మిగులునో, ఆ పని చేసినవారే యెఱుగుదురు.

ఆ పేటలోనే ఆయన శాంతీదేవిని పెండ్లాడెను. కొలది కాలమునకే మహామారి వచ్చి ఆమెను, పసికందును గొనిపోయెను. 1912 ఫిబ్రవరిలో ఇల్లు తగులబడెను. ఏండ్లతరబడి కూడబెట్టిన పుస్తకములు, స్వయముగా వేసిన చిత్తరువులు, చరిత్రహీనులు నవల వ్రాతప్రతి బూడిదయయ్యెను. ఆ నవలను ఆయన మొదటినుండి మరల వ్రాసెను. వ్రాసిన దానిని ఒక పత్రికవారు నీతిబాహ్యమని త్రిప్పి పంపిరి! భోజనవసతి గృహములో దాసిగా నుండు సావిత్రిని అంత గౌరవముతో చిత్రించుట వారికి కంటగింపయ్యెను.

ఇది యిట్లుండగా, 1907లోనే ఆయన యెఱుగకుండ, చిన్ననాటి రచనయైన బడదీదీని భారతీ పత్రిక ప్రకటించెను. మొదటి భాగములందు రచయిత పేరు లేదు. చదివినవారు రవీంద్రుని వ్రాతయే యని తలచిరి. రచయిత యేమో సముద్రమున కావల లెక్కలు సరిచూచుకొనుచుండెను. 1916లో పై అధికారితో పొసగక కొలువు విడిచి స్వదేశమునకు వచ్చెను. కలకత్తా ప్రచురణకర్త నెలకు 100 రూపాయలిత్తునని మాట యిచ్చుటచే ఆ సాహసము సాధ్యమయ్యెను.

దేవదాసును తలచి కన్నీరు పెట్టువారు పెక్కుమంది. అది తొలి యౌవనపు రచన. 1917లో అచ్చగునప్పుడు ఆయనకే దానిపై తృప్తి లేదు. పల్లెవారు మొదట చదువదగినది పల్లీసమాజము. అందు చదువుకొని సొంత యూరికి తిరిగివచ్చిన రమేశునకు ఒకనాడు రైతులు మొఱపెట్టుకొందురు. వానలకు 100 బీగాల పొలము మునిగియున్నది. గట్టు తెగగొట్టినగాని నీరు పోదు. కొట్టిన చెఱువులోని చేపలు పోయి భూస్వాములకు 200 రూపాయల నష్టము. ఆ 200 రూపాయలకై ఊరి యన్నము నీట కుళ్లిన కుళ్లనిమ్మనువారు రమేశుని జ్ఞాతులే. మనసులో అతనిని ప్రేమించు బాలవితంతువు రమ కూడ వారి పక్షమే. రమ యెందుల కట్లు చేసెనో తెలియుటకు పుస్తకము తుదివరకు చదువవలెను. ఊరు ఆమెను ఏ నిందలతో కట్టివేసెనో అందు తెలియును.

మహేశ్ యను చిన్నకథ అంతకన్న కఠినము. కరవు కాలము. గఫూర్ అను బీద ముస్లిము తన ముసలియెద్దుకై పిడికెడు గడ్డి యడిగిన, గోవును పూజించు తర్కరత్నమే లేదనును. కూతురు అమీనా పరులను బతిమాలి తెచ్చిన కడవనీటిని దప్పిగొన్న ఆ యెద్దు ఒలకబోయును. జ్వరముతో, జమీందారు ఇంట తిన్న దెబ్బలతో ఒడలెఱుగక గఫూర్ నాగటికొయ్యతో కొట్టును. ఎద్దు చచ్చును. ప్రాయశ్చిత్తమునకై ఉన్న రెండు పాత్రలను అచ్చటనే విడిచి, కూతుని చేతపట్టుకొని, ఆ రాత్రియే జనపనార మిల్లు కూలికై ఊరు విడుచును. ఇందు శరత్ బాబు ఎవరిని తిట్టలేదు. తిట్టవలసిన పనియు లేకపోయెను.

1921 మొదలు పదునైదేండ్లు ఆయన హౌరా జిల్లా కాంగ్రెసుకు అధ్యక్షుడుగా నుండెను. 1926లో వెలువడిన పథేర్ దాబీని ఆంగ్ల ప్రభుత్వము నిషేధించెను. ప్రతిఘటింపుమని రవీంద్రుని కోరిన, ఆయన అంగీకరింపలేదు. ఆ బాధ శరత్ బాబు మనసున చాలకాలము నిలిచెను. రూపనారాయణ నది యొడ్డున సామ్‌తా గ్రామములో ఇల్లు కట్టుకొని కొన్నాళ్లు నివసించెను. 1938 జనవరి 16న కాలేయపు రాచపుండుతో కలకత్తాలో కన్నుమూసెను.

చక్రపాణి మొదలగువారు వంగభాష నేర్చి ఆయన నవలలను తెలుగు చేసిరి. దేవదాసు 1953లోను, నిష్కృతి కథ తోడికోడళ్లుగా 1957లోను, బడదీదీ బాటసారిగా 1961లోను చలనచిత్రములై వచ్చెను. చదివినవారిలో ఆయన తెలుగువాడే యని నమ్మినవారును కలరు.