బేగంపేటలో రోనాల్డ్ రాస్

అమీరుపేట, పంజగుట్టల సందడిని దాటి ఈశాన్య దిశగా కొంత దూరము పోయినచో బేగంపేట వచ్చును. అచట పాత విమానాశ్రయమునకు చేరువలో ఒక పూర్వకాలపు భవనము కలదు. 1897వ సంవత్సరమున అది సైనికుల వైద్యశాల. ఆ ఏటి ఆగస్టు మాసమున రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు అచటనే ఒక దోమ కడుపులోని నల్లని చుక్కలను కనుగొనెను.

రాస్ 1857వ సంవత్సరము మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమునందలి అల్మోరాలో జన్మించెను. తండ్రి భారత సైన్యమున అధికారి. బాలునకు కవిత్వము, సంగీతము, చిత్రలేఖనము ప్రాణము. వైద్యము పట్ల ఆసక్తి లేకుండెను. తండ్రి మాట కాదనలేక లండను నగరమున వైద్యము చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసున చేరెను. పెక్కేండ్లు ఉద్యోగము చేయుచునే కావ్యములు, నవలలు వ్రాయుచుండెను. మహాకార్యము చేయు లక్షణములు అప్పటికి అతనియందు ఎవరికిని కనబడలేదు.

1894లో లండనునందు ప్యాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు మలేరియా రోగి రక్తమునందలి సూక్ష్మజీవిని రాస్‌కు చూపెను. దానిని 1880లోనే లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు కనుగొని యుండెను. అది దోమలో పెరుగునేమో యని మాన్సన్ ఊహ. ఆ ఊహ రాస్‌ను పట్టుకొని విడువలేదు. 1895లో సికిందరాబాదు చేరినది మొదలు దోమలను కోసి చూచుటయే అతని పనియయ్యెను. నడుమ కలరా పని మీద అధికారులు అతనిని బెంగుళూరునకు పంపిరి. ఉదకమండలము ప్రాంతమున వెదకుచుండగా మలేరియా అతనినే పట్టెను. అయినను తగిన జాతి దోమ దొరకనందున శ్రమయంతయు వృథా యగుచుండెను.

1897లో మరల సికిందరాబాదు వచ్చిన పిదప, ఆగస్టు నడుమ, రెక్కలపై మచ్చలు గల దోమలు కొన్ని చేతికి చిక్కినవి. 16వ తేదీన వానిని హుసేన్ ఖాన్ అను మలేరియా రోగిని కుట్టనిచ్చెను. కుట్టిన ఒక్కొక్క దోమకు అతనికి ఒక అణా ముట్టెను. రాస్ పేరు ఎరిగినవారు ఎందరో కలరు గాని ఈ రోగి పేరు ఎరిగినవారు బహు తక్కువ. అతని రక్తము లేనిదే ఆ పరిశోధన లేదు.

సూక్ష్మదర్శినికి ఒక స్వభావము కలదు. వస్తువు పెద్దదిగా కనబడుకొలది, ఒక్కసారిగా స్పష్టమగు లోతు తగ్గిపోవును. పై పొర తేటపడినచో క్రింది పొర మసకబారును. వానకాలమున పుట్టగొడుగులను అతి చేరువనుండి ఛాయాచిత్రములు తీయువారికిని ఇదే చిక్కు. గొడుగు అంచు తేటగా పడినచో అడుగునందలి సన్నని రేకులు మసకగా పడును. అందుచే నేటివారు కెమెరాను కదలనీయక, ఫోకస్‌ను కొంచెము కొంచెముగా జరుపుచు అనేక చిత్రములు తీసి, వానియందలి తేటయైన భాగములను కంప్యూటరుతో ఒక్కటిగా కూర్తురు. దీనిని ఫోకస్ స్టాకింగ్ అందురు. రాస్‌కు అట్టి సాధనము లేదు. అతడు మరను త్రిప్పుచు ఒక పొర తరువాత ఒక పొరను చూచి, వానిని తన మనస్సునందే కూర్చుకొనవలసి యుండెను. పగటి వెలుతురే ఆధారము. కోసిన దోమలు ఎగిరిపోవునని పంకా వేయనీయలేదు. అతని చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టినవి. మిగిలిన ఒక్క కంటి అద్దము పగిలి యుండెను.

ఆగస్టు 20వ తేదీ. మబ్బు కమ్మి ఉక్కగా నుండెను. ఉదయము చూచిన దోమలలో ఏమియు కనబడలేదు. మచ్చల రెక్కల దోమలు ఇంక రెండే మిగిలినవి. మధ్యాహ్నము ఒంటిగంట వేళ, కన్నులు అలసియున్నను, రాస్ ఒకదానిని కోసెను. తక్కిన అవయవములన్నియు చూచి, కడపట కడుపు పొరను పరీక్షింపసాగెను. అందు గుండ్రని కణమొకటి కనబడెను. దాని వెడల్పు మిల్లీమీటరులో ఇంచుమించు నూరవ వంతు. దోమ కడుపునందు సహజముగా నుండు కణము అట్లుండదు. చూడగా అట్టివి మరికొన్ని కలవు. మబ్బుచే వెలుతురు చాలలేదు. సూక్ష్మదర్శిని క్రింద వెలుతురు ప్రవేశించు రంధ్రమును పెద్దది చేసి, ఫోకస్‌ను మార్చి చూచెను. కణముల లోపల నల్లని రేణువులు గుంపులుగా తేలినవి! మలేరియా సూక్ష్మజీవియందుండు రేణువులు సరిగా అట్టివే. రాస్ వెంటనే వాని బొమ్మలు గీసికొనెను. బాల్యమున నేర్చిన చిత్రలేఖనము ఆనాడు అక్కరకు వచ్చెను.

అయినను ఒక సందేహము మిగిలెను. మరునాడు కడపటి దోమను కోసెను. అందును ఆ కణములే, నిన్నటి వానికంటె పెద్దవై యున్నవి. అనగా ఆ జీవి దోమలో పెరుగుచున్నది! ఈ విషయము అదే సంవత్సరము డిసెంబరు 18వ తేదీన బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికయందు వెలువడెను.

ఇంతలో అధికారులు అతనిని రాజపుత్ర స్థానమునకు బదిలీ చేసిరి. అచట మలేరియా రోగులే అరుదు! 1898లో కలకత్తాకు పోయి పక్షుల మలేరియాను పరిశోధించి, ఆ జీవి దోమ లాలాజల గ్రంథులను చేరి, కాటు ద్వారా మరల రక్తమున ప్రవేశించునని జులై మాసమున నిరూపించెను. మనుష్యుల మలేరియా మార్గమును పూర్తిగా తేల్చినవారు ఇటలీ దేశపు గ్రాసి మొదలగువారు. ఈ కీర్తి ఎవరిదను విషయమున రాస్, గ్రాసీల నడుమ చిరకాలము కలహము సాగెను. అందు రాస్ చూపిన కోపము అంత మెచ్చదగినది కాదు.

1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించెను. 1932వ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన లండనునందు మరణించెను. బేగంపేట భవనము తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయము క్రిందికి వచ్చి, అతని పేర పరాన్నజీవి పరిశోధనా సంస్థ యయ్యెను.