గినీ పందిని నమ్మిన డాక్టరు

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా కొందరు డాక్టర్లు కేసుషీటు మీద టీబీ అని రాయరు, కోచ్స్ అని రాస్తారు. పక్కనున్నవాళ్ళు చదివితే పిల్లకు సంబంధాలు రావేమోనని ఇంటివాళ్ళ భయం. ఆ భయానికి చాటుగా పనికొస్తున్న పేరు ఒక జర్మన్ డాక్టరుది.

రాబర్ట్ కోచ్ 1843లో క్లాస్‌తాల్ అనే గనుల ఊళ్ళో పుట్టాడు. గొటింగెన్‌లో వైద్యం చదివి, వోల్‌స్టైన్ అనే చిన్న పట్నంలో ప్రభుత్వ వైద్యుడిగా కుదిరాడు. అక్కడ యూనివర్సిటీ లేదు, లేబొరేటరీ లేదు. రోగులను చూసే ఇంట్లోనే మైక్రోస్కోపు పెట్టుకొని, చిట్టెలుకల మీద ప్రయోగాలు చేసి, 1876లో పశువుల దొమ్మరోగం గుట్టు విప్పాడు. మన ల్యాబులో సామాను లేదని వాపోయే మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలె.

1882 మార్చి 24న బెర్లిన్‌లో క్షయ క్రిమిని లోకానికి చూపించాడు. ఊపిరితిత్తుల నుంచే కాదు, మెదడు పొరల నుంచి తీసిన బుడిపెలను కూడా గినీ పందులకు ఎక్కించి చూశాడు. అన్నిటా అదే క్రిమి! పసిపిల్లలను మూర్ఛలతో, మగతతో తీసుకుపోయే మెదడు జబ్బు, దగ్గుతో చిక్కిపోయే జబ్బు ఒకటేనని తేలిపోయింది.

ఇంతవరకు గినీ పంది ఆయన్ను మోసం చెయ్యలేదు. 1890లో చేసింది. ట్యూబర్క్యులిన్ అనే మందు ఆ జంతువుల్లో రోగాన్ని ఆపుతుందని కోచ్ ప్రకటించాడు, అదేమిటో మాత్రం మొదట చెప్పలేదు. రోగులు రైళ్ళెక్కి బెర్లిన్‌కు ఎగబడ్డారు. కొందరికి జబ్బు ముదిరింది, కొందరు చనిపోయారు. మరుసటేడు వీర్కో శవపరీక్షలు చేసి ఆ సంగతి బయటపెట్టాడు. ఏమాటకామాట, అంతటి మహానుభావుడు అక్కడ తొందరపడ్డాడు.

అట్లాగని గినీ పందిని తప్పుపట్టలేం. 1944లో అమెరికాలో ఫెల్డ్‌మన్, హిన్షా స్ట్రెప్టోమైసిన్‌ను పరీక్షించింది దానిమీదే. అంతకు ముందు మెదడు క్షయ అంటే దాదాపు చావే. ఆ మందు వచ్చాకే కొందరు బతికి బయటపడ్డారు. ఇప్పటికీ మెదడు క్షయ మందుల కోసం కుందేళ్ళ మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి క్రిమిని నేరుగా ఎక్కించి చూస్తారు. మనిషికి మాత్రం జబ్బు ఆ దారిన రాదు. క్రిమి రక్తం వెంట పోయి, మెదడులో చిన్న పుండై, అది పగిలితే పొరలకు పాకుతుందని 1933లోనే రిచ్, మెక్‌కార్డక్ చెప్పారు.

కోచ్‌కు 1905లో నోబెల్ బహుమతి వచ్చింది. 1910లో కన్నుమూశాడు. రోగం కుదర్చలేకపోయిన ఆయన ట్యూబర్క్యులిన్ రోగాన్ని పట్టుకోవడానికి పనికొచ్చింది. పిల్లల ముంజేతికి సూది వేసి, రెండుమూడు రోజులకు వాపు కొలిచే పరీక్ష దాంతోనే పుట్టింది.