జార్జ్ స్మిత్: మట్టిపలకలు చెప్పిన సర్పకథ

జార్జ్ స్మిత్ 1840వ సంవత్సరం మార్చి 26వ తేదీన లండన్ నగరంలోని చెల్సీలో ఒక సామాన్య శ్రామిక కుటుంబంలో జన్మించినాడు. విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టే భాగ్యం అతనికి కలుగలేదు. పదునాలుగవ ఏట ఒక ముద్రణసంస్థలో చేరి, బ్యాంకు నోట్ల అచ్చుకు రేకులు చెక్కే పని నేర్చుకొన్నాడు. వెంట్రుకవాసి గీతల భేదాన్ని గుర్తించే చూపు ఆ పనిలోనే అలవడినది.

ఆనాటికి ఇరాక్ దేశంలో, మోసుల్ పట్టణానికి ఎదుట ఉన్న నినెవే దిబ్బలను లేయార్డ్, రస్సాం త్రవ్వించి, క్రీస్తుకు పూర్వం ఏడవ శతాబ్దంలో ఏలిన అస్సూర్‌బనిపాల్ గ్రంథాలయాన్ని వెలికితీసినారు. శరాకార లిపిలో వ్రాసిన మట్టిపలకలు వేలకొలది ముక్కలై బ్రిటిష్ మ్యూజియం చేరినవి. స్మిత్ మధ్యాహ్న విరామవేళ భోజనం మాట మరచి ఆ ముక్కల ముందు కూర్చునేవాడు. అతని ప్రజ్ఞను శామ్యూల్ బర్చ్, హెన్రీ రాలిన్‌సన్ గుర్తించినారు. 1867లో మ్యూజియంలోనే ఉద్యోగం లభించినది.

1872లో ఒక విరిగిన పలకపై, ఓడ కొండమీద నిలిచిన సంగతీ, నేల జాడకై పావురాన్ని విడిచిన సంగతీ అతని కంటబడినవి. బైబిలులోని జలప్రళయ గాథ వంటిదే మరొకటి మెసపొటేమియాలో ఉన్నదన్నమాట! ఆ సంవత్సరం డిసెంబరు 3వ తేదీన పండితసభలో ఈ విషయాన్ని వెల్లడించినప్పుడు ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ సైతం శ్రోతలలో ఉన్నాడు. ఒక లండన్ దినపత్రిక వేయి గినీలు వెచ్చించి అతనిని నినెవేకు పంపినది. 1873 మే నెలలో ఆ గాథలోని లోపాన్ని పూరించేదని తోచిన ముక్క దొరికినది. అది వేరొక ప్రళయకావ్యానికి చెందినదని తరువాతి పండితులు తేల్చినారు.

జలప్రళయ గాథ గిల్గమేష్ కావ్యంలోని పదకొండవ పలకలో ఉన్నది. స్మిత్ ఆ నాయకుని పేరును ఇజ్దుబార్ అని చదివినాడు. సరియైన పఠనం 1890లో గాని తేలలేదు. ఆ పలక చివరనే సర్పం కనబడుతుంది. ప్రాణమిత్రుడు ఎంకిడు మరణించగా, మృత్యుభీతితో దేశాలు తిరిగిన గిల్గమేష్, ముదుసలిని పడుచువానిగా మార్చే ఓషధి నీటి అడుగున ఉన్నదని విని, కాళ్లకు రాళ్లు కట్టుకొని మునిగి దానిని తెస్తాడు. తిరుగుదారిలో ఒక చల్లని మడుగులో స్నానం చేస్తూండగా, వాసన పసిగట్టిన పాము దానిని ఎత్తుకొని, కుబుసం విడిచి వెళ్లిపోతుంది. అంతటి వీరుడూ కూర్చుండి కన్నీరు కారుస్తాడు.

ఈ సర్పానికి అర్థమేమిటో కావ్యమే చెబుతున్నది: యౌవనం పాముకు దక్కినది, మానవునికి దక్కలేదు. కాని అక్షరం తోడులేని చోట స్మిత్ ఊహ కళ్లెం తెంచుకొన్నది. 1876లో వెలువడిన గ్రంథంలో అతడు ఒక చిన్న రాతిముద్రను చర్చించినాడు. నడుమ ఖర్జూరవృక్షం, ఇరువైపులా ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు వ్యక్తులు, ఒకరి వెనుక నిలువెత్తు సర్పం. వారు బైబిలులోని ఆదిదంపతులనీ, ఆ సర్పమే వారిని ప్రలోభపెట్టినదనీ అతడు తలచినాడు. ఆ ముద్రపై ఒక్క అక్షరమైనా లేదు. కొమ్ముల కిరీటం దేవతకు గుర్తు. కనుక అందులో ఒకరు దేవుడనీ, రెండవవారు ఆరాధకురాలనీ నేటి పండితుల నిర్ణయం. చెట్టూ పామూ పాపానికి గాక సంతానసమృద్ధికి సంకేతాలు కావచ్చును.

సర్పం ఎవరు ఏ అర్థం చెప్పినా తలయూపుతుంది. ఒకరికి అది పాపం, ఒకరికి జ్ఞానం, మరొకరికి కుండలిని. ఆదిపర్వంలోని గరుడోపాఖ్యానం ఎరిగిన తెలుగు పాఠకునికీ ఈ ప్రలోభం తప్పదు. అక్కడ అమృతం చేజారి నాలుకలు చీలినవి పాములకే. ఇక్కడ ఓషధి దక్కినది పాముకే. రెండింటినీ ఒకటి చేయబూనితే రెండు కథలూ చెడుతాయి. పోలిక వినోదం, పాఠం ప్రమాణం. స్మిత్ కీర్తి నిలిచినది పాఠం మీద, పొరబాటు పుట్టినది పోలిక మీద.

1876లో అతడు మూడవమారు తూర్పునకు ప్రయాణమైనాడు. అంటురోగాల వేసవి అది. జిగట విరేచనాలతో క్షీణించి, ఆగస్టు 19వ తేదీన సిరియాలోని అలెప్పోలో కన్నుమూసినాడు. వయస్సు 36 సంవత్సరాలు. భార్యాబిడ్డలకు ప్రభుత్వం ఏటా 150 పౌన్ల భృతి ఏర్పరచినది.

ఓషధిని పోగొట్టుకొన్న గిల్గమేష్ తన ఊరుక్ నగరానికి చేరి, వెంటవచ్చిన నావికునికి కోటగోడల దృఢత్వాన్ని చూపుతాడు. చిరాయువు లభించని వానికి మిగిలినది చేతిపని ఒక్కటే. రేకులు చెక్కిన ఆ యువకుడు చదివి చెప్పిన పలక నేటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది.