పళ్ళ వరుసకు సూత్రం రాసిన ఎడ్వర్డ్ యాంగిల్

పన్నెండు, పదమూడేళ్ళ పిల్లల పళ్ళ మీద మెరిసే తీగలు, క్లిప్పులు నేడు ఎవరికీ వింత కాదు. ఎగుడుదిగుడు పళ్ళను, ఎత్తుపళ్ళను సరిచేసే ఈ వైద్యాన్ని ఆర్థోడాంటిక్స్ అంటారు. ఒక్కొక్క పంటికి అతికించే ఆ చిన్న క్లిప్పులో తీగ ఇమిడే గాడికి దాదాపు వందేళ్ళ క్రితమే కొలత నిర్ణయించిన వ్యక్తి అమెరికా దంతవైద్యుడు ఎడ్వర్డ్ హార్ట్‌లీ యాంగిల్. ఆధునిక ఆర్థోడాంటిక్స్ పితామహుడిగా వైద్యలోకం ఆయనను గౌరవిస్తుంది. ఆయన రూపొందించిన సాధనం నేటికీ నిలిచింది. ఆయన ప్రాణప్రదంగా నమ్మిన సిద్ధాంతాన్ని మాత్రం ఆయన శిష్యులే సవరించవలసి వచ్చింది.

యాంగిల్ 1855 జూన్ 1న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని హెరిక్ అనే పల్లెలో, రైతు కుటుంబంలో జన్మించారు. చిన్ననాటి నుండి ఆయనకు పనిముట్ల మీద మక్కువ. 1878లో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా దంత శస్త్రచికిత్స కళాశాలలో పట్టా పొంది, టొవాండా పట్టణంలో వైద్యం ప్రారంభించారు. ఊపిరితిత్తుల జబ్బు ఆయనను అక్కడ ఎక్కువకాలం నిలవనీయలేదు. గాలిమార్పు కోసం పడమటి దిక్కుగా వెళ్ళి, మోంటానాలో గొర్రెల పెంపకం చేపట్టారు. ఒక కఠినమైన శీతకాలం ఆ మందను తుడిచిపెట్టింది. ఇక మిగిలింది నేర్చిన విద్య ఒక్కటే. మినియాపొలిస్ నగరం చేరి మళ్ళీ దంతవైద్యాన్నే ఆశ్రయించారు. 1886లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో అధ్యాపకులయ్యారు.

ఆ రోజులలో వంకర పళ్ళను సరిచేయడం దంతవైద్యుని అనేక పనులలో ఒక చిన్న పని మాత్రమే. ప్రతి రోగికీ వైద్యుడే స్వయంగా లోహాన్ని మలచి పట్టీలు, మరలు తయారుచేసుకునేవాడు. ఒకరి పద్ధతి మరొకరికి అందేది కాదు. యాంగిల్ ఈ ఆనవాయితీని మార్చారు. ఎక్కువమందికి పనికివచ్చే కొద్దిపాటి భాగాలను ఎంచుకుని, వాటిని ఒకే కొలతలతో ముందుగానే తయారుచేయించి వైద్యులకు అందుబాటులోకి తెచ్చారు. దీనితో వైద్యునికి శ్రమ, సమయం తగ్గాయి. ఒక ఊరిలో నేర్చిన చికిత్సను మరొక ఊరిలో అదే విధంగా చేయడం సాధ్యమైంది. 1887లో తొలిసారి వెలువడిన ఆయన గ్రంథం 1907 నాటికి ఏడవ కూర్పుకు చేరింది.

1892లో యాంగిల్ ఒక సాహసం చేశారు. విశ్వవిద్యాలయ ఉద్యోగాన్ని వదులుకున్నారు. పుచ్చుపళ్ళు నింపడం, కట్టుడు పళ్ళు అమర్చడం వంటి పనులన్నీ మాని, పళ్ళ అమరికను సరిదిద్దడానికే తన వృత్తిని పరిమితం చేసుకున్నారు. దంతవైద్యంలో ప్రత్యేక శాఖలు ఇంకా రూపుదిద్దుకోని కాలమది. ఈ ఒక్క పని చేసే వైద్యుడు దానినే నమ్ముకుని జీవించగలడని ఆయన నిరూపించారు. 1895లో ఆయన సెయింట్ లూయిస్ నగరానికి తరలివెళ్ళారు.

అక్కడ ఉండగా 1899లో ప్రకటించిన వర్గీకరణ ఆయన పేరును శాశ్వతం చేసింది. అంతకుముందు వైద్యులు ఏ పన్ను ఎటు తిరిగిందో విడివిడిగా వర్ణించేవారు. యాంగిల్ ఒక్కొక్క పంటిని కాక, పై వరుస కింది వరుసతో కలిసే తీరును చూడమన్నారు. ఆరేళ్ళ ప్రాయంలో వచ్చే మొదటి పెద్ద దవడ పన్నును ఆయన కొండగుర్తుగా తీసుకున్నారు. ఆ పై పన్ను ముందరి మొన కింది పన్ను మీది గాడిలో సరిగా కూర్చుంటే, మిగతా పళ్ళు వంకరగా ఉన్నా అది మొదటి తరగతి. కింది పన్ను అంతకంటే వెనుకబడి ఉంటే రెండవ తరగతి. ముందుకు జరిగి ఉంటే మూడవ తరగతి. ఇంత సులువైన కొలబద్ద చేతికి రావడంతో వైద్యులందరికీ ఒక ఉమ్మడి భాష ఏర్పడింది. ఇది ముందు వెనుకల తేడానే తప్ప నిలువు, అడ్డం తేడాలను చెప్పదన్న లోపాన్ని తరువాతి తరాలు గుర్తించాయి. అయినా దానిని విడిచిపెట్టలేదు.

ఈ విద్యను దంతవైద్య కళాశాలలు ప్రత్యేకంగా బోధించడం లేదన్న అసంతృప్తితో 1900లో యాంగిల్ సొంతంగా ఒక పాఠశాల స్థాపించారు. ఆయన, ఆయన శిష్యులు కలిసి అమెరికన్ ఆర్థోడాంటిస్టుల సంఘాన్ని నెలకొల్పారు. దానికి తొలి అధ్యక్షులు ఆయనే. దంతవైద్యం చదివిన అన్నా హాప్కిన్స్ ఆయన కార్యదర్శిగా పనిచేసి, 1908లో ఆయనను వివాహమాడారు. రచనలోను, బోధనలోను జీవితాంతం ఆమె తోడుగా నిలిచారు.

అందమైన ముఖం ఎలా ఉండాలన్న ప్రశ్న యాంగిల్‌ను ఎంతో వేధించింది. మొదట ఆయన ప్రాచీన శిల్పమైన అపోలో ముఖాన్ని ఆదర్శంగా భావించారు. సెయింట్ లూయిస్‌లో చిత్రకళ బోధించే ఎడ్మండ్ వర్పెల్‌తో ఏర్పడిన స్నేహం ఆ భావనను మార్చింది. మనుషులందరికీ ఒకే ముఖ సౌందర్య ప్రమాణం ఉండదని ఆ కళాకారుడు ఆయనను ఒప్పించారు. అప్పుడు యాంగిల్ మరొక నిశ్చయానికి వచ్చారు. ప్రకృతి ఇచ్చిన పళ్ళన్నీ వాటి వాటి స్థానాలలో చక్కగా కూర్చుంటే, ఆ మనిషికి తగిన అందం దానంతట అదే వస్తుందన్నారు. మోసే బరువును బట్టి ఎముక తన రూపాన్ని మార్చుకుంటుందన్న జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ సిద్ధాంతం ఆయనకు బలమిచ్చింది. కాబట్టి చోటు చాలలేదని పన్ను పీకడం తప్పని తీర్మానించారు.

కాల్విన్ కేస్ అనే సమకాలికుడు దీనిని అంగీకరించలేదు. దవడ చిన్నదై పళ్ళు పెద్దవైన చోట కొన్నింటిని తీయక తప్పదని ఆయన వాదం. 1911లో జాతీయ దంతవైద్య సంఘం సమావేశంలో ఈ చర్చ తీవ్రంగా సాగింది. యాంగిల్ పక్షాన ఆయన శిష్యులు వాదించారు. ఆయన మాటే చాలాకాలం చెల్లింది. యాంగిల్ పట్టుదల మనిషి, అసమ్మతిని సహించేవారు కారు. తన సాధనాలకు పేటెంట్లు తీసుకోవడం కూడా తోటివారి విమర్శకు గురైంది.

సాధనాల విషయంలో మాత్రం ఆయన తనను తానే నిరంతరం సవరించుకున్నారు. మొదటి మందపాటి తీగ పళ్ళను వంచగలిగిందే కాని, వేళ్ళతో సహా జరపలేకపోయింది. తరువాతి సాధనం అతి సున్నితమై, సామాన్య వైద్యుని చేతికి లొంగలేదు. ఆపైన పంటి మీద క్లిప్పు అమర్చి, దానిలో పలుచని పట్టీ వంటి తీగను కూర్చారు. చివరకు 1920 దశకంలో ఎడ్జ్‌వైజ్ పద్ధతిని రూపొందించారు. 0.022 అంగుళాల ఎత్తు, 0.028 అంగుళాల లోతు గల నలుచదరపు గాడిలో నలుచదరపు తీగ బిగుసుకోవడం వలన పంటిని ముందుకు, పక్కకు జరపడమే కాక, వేరును కూడా కోరిన వైపుకు తిప్పడం వైద్యునికి సాధ్యమైంది.

అప్పటికి ఆయన కాలిఫోర్నియాలోని పాసడీనాలో స్థిరపడ్డారు. విశ్రాంతి కోసం వచ్చిన గురువును వెదుకుతూ శిష్యులు వచ్చారు. ఆయన బోధన కోసం ఒక భవనాన్నీ కట్టించారు. 1930 ఆగస్టు 11న, తన 75వ ఏట, యాంగిల్ కన్నుమూశారు. మరుసటి ఏడాదే ఆయన పేరిట ఒక వైద్య పత్రిక ప్రారంభమై నేటికీ వెలువడుతున్నది.

ఆయన చివరి శిష్యులలో ఇద్దరు గురువు సిద్ధాంతాన్ని రోగుల ముఖాలలోనే పరీక్షించారు. అరిజోనాలో చార్లెస్ ట్వీడ్ కొన్నేళ్ళు పన్ను తీయకుండానే చికిత్స చేశారు. ఎందరికో పళ్ళు ముందుకు పొడుచుకురావడం, సరిచేసిన వరుస మళ్ళీ చెదరడం గమనించి కలతచెందారు. అటువంటి వారిని తిరిగి పిలిచి, కోరపన్నుకు వెనుక ఉండే నాలుగు చిన్న దవడ పళ్ళను తీసి, రుసుము తీసుకోకుండా మళ్ళీ చికిత్స చేశారు. ఆ నూరుగురి ఫలితాలను 1940లో వృత్తిలోకం ముందుంచారు. ఆస్ట్రేలియాలో రేమండ్ బెగ్ కూడా అవసరమైన చోట పన్ను తీయాలన్న నిర్ణయానికే వచ్చి, గురువుగారి పాత క్లిప్పును తలకిందులు చేసి కొత్త పద్ధతిని కనిపెట్టారు. వారు గురువును ధిక్కరించలేదు. గురువు నేర్పిన పరిశీలన, ఇచ్చిన సాధనమే వారిని గురువుతో విభేదించే చోటికి చేర్చాయి.

భారతదేశంలో 1965లో ఇండియన్ ఆర్థోడాంటిక్ సొసైటీ ఏర్పడింది. దంతవైద్య పట్టా తరువాత మూడేళ్ళు చదివితేనే ఈ శాఖలో నిపుణత లభిస్తుంది. నేడు హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ఒక వైద్యుడు పిల్లవాని నోరు చూసి చీటీ మీద మొదట రాసేది యాంగిల్ తరగతినే. పన్ను తీయాలా, వద్దా అని తల్లి అడిగినప్పుడు మాత్రం ఆ వైద్యుడు యాంగిల్ వైపో, కేస్ వైపో నిలబడడు. ఎక్స్‌రే తీసి, అచ్చులు కొలిచి, ఆ పిల్లవాని ముఖం చూసి జవాబు చెబుతాడు.