జనరల్ తిమ్మయ్య - ఆయన ధరించిన పతకం, ధరించని పతకం

బెంగుళూరు నగరంలో స్థిరపడిన మన తెలుగువారికి రిచ్‌మండ్ రోడ్డు తెలియనిది కాదు. ఆ వీధికి జనరల్ తిమ్మయ్య రోడ్డు అనే అధికారిక నామం ఉన్న సంగతి మాత్రం బస్సు కండక్టర్లకు సైతం గుర్తుండదు. తొమ్మిదవ తరగతిలో ఒకనాడు ఆ పేరు ప్రస్తావనకు వచ్చినప్పుడు, ఒక విద్యార్థిని లేచి, యుద్ధరంగానికి వెనుక గుడారంలో పటాలు పరచుకొని కూర్చునే సేనాపతికి శౌర్యపతకం ఎందుకు ఇస్తారని సందేహం వెలిబుచ్చింది. తరగతి నవ్వింది గాని ప్రశ్న నవ్వదగినది కాదు. సమాధానం మొదలుపెట్టేలోగా గంట మ్రోగింది. ఆనాడు మిగిలిపోయిన సమాధానాన్ని ఈ ప్లాటినం జూబిలీ సంచికలో చెప్పుకోవడం సముచితమని తోచి ఈ వ్యాసానికి పూనుకొన్నాను.

కోదండేర సుబ్బయ్య తిమ్మయ్య 1906 మార్చి 31వ తేదీన కొడగు సీమలోని మడికేరిలో జన్మించారు. కాఫీ తోటలు గల సంపన్న కుటుంబం వారిది. తల్లి సీతమ్మగారు విద్యావంతురాలు, సంఘసేవకు గుర్తింపుగా కైజర్-ఇ-హింద్ పతకం పొందిన వనిత. ఆ ఇంట మొదటి పతకం తల్లిదే అన్నమాట. బాల్యంలోనే కుమారుణ్ణి కూనూరులోని సెయింట్ జోసెఫ్ పాఠశాలకు, పిదప బెంగుళూరులోని బిషప్ కాటన్ పాఠశాలకు పంపించారు. అక్కడినుండి డెహ్రాడూన్‌లో 1922లో నెలకొల్పబడిన రాజకుమార సైనిక కళాశాలకు, ఆపైన ఇంగ్లండులోని సాండ్‌హర్‌స్ట్‌కు వెళ్ళి, 1926లో సైన్యంలో అధికారిగా నియామకం పొందారు. మొదటి సంవత్సరం శిక్షణ ఈ బెంగుళూరులోనే, హైలాండ్ లైట్ ఇన్‌ఫెంట్రీ అనే బ్రిటిషు పటాలంలో గడిచింది.

ఆనాటి సైన్యంలో భారతీయ అధికారి స్థితి ఎటువంటిదో నేటి పిల్లలకు ఊహకందదు. భారతీయులు మంచి సిపాయిలని ఒప్పుకొన్న ప్రభుత్వమే, వారు నాయకులు కాగలరా అని శంకించేది. ఆ శంకను పరీక్షించడానికన్నట్లు 1923లో ఎనిమిది పటాలాలను మాత్రమే ఏర్పరచి, భారతీయ అధికారులను వాటిలోనే నియమించే విధానం ప్రారంభించింది. తిమ్మయ్యగారు 1927లో చేరిన 19వ హైదరాబాద్ రెజిమెంటు నాలుగవ బెటాలియన్ ఆ ఎనిమిదింటిలో ఒకటి. అప్పుడది బాగ్దాద్‌లో ఉండేది. హైదరాబాద్ అనే పేరు చూసి అది మన దక్కను సైన్యమని మురిసిపోయేవారు కొందరుంటారు. నిజాం ప్రభువు ఖర్చుపై బ్రిటిషువారు పోషించిన హైదరాబాద్ కంటింజెంటు నుండి ఆ పేరు వచ్చిన మాట నిజమే గాని, తిమ్మయ్యగారి కాలానికి అందులోని జవానులు ఎక్కువమంది కుమావూఁ కొండలవారు, జాట్లు, అహీర్లు. 1945లో ఆ రెజిమెంటు పేరే కుమావూఁ రెజిమెంటుగా మారిపోయింది.

పటాలం అలహాబాదులో విడిసి ఉన్నప్పుడు ఆయనకు నెహ్రూ కుటుంబంతో పరిచయం కలిగింది. జాతీయోద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులు. పరాయి ప్రభుత్వపు దుస్తులు ధరించడమా, విడిచిపెట్టడమా అన్న మథనంతో ఆయన మోతీలాల్ నెహ్రూగారిని సలహా అడిగారని, స్వరాజ్యం వచ్చిననాడు దేశానికి తర్ఫీదు పొందిన సైన్యాధికారులు కావలసి ఉంటుంది గనుక కొలువు విడవవద్దని ఆ పెద్దాయన చెప్పారని తిమ్మయ్యగారి జీవితకథలో ప్రసిద్ధమైన ఘట్టం. ఈ సంశయం అంతటితో తీరిపోయిందనుకోవడం పొరపాటు. పదిహేనేళ్ళ తరువాత ఆయన బర్మాలో బ్రిటిషు పతాకం క్రింద పోరాడుతున్న కాలంలో, ఆయన అన్న పొన్నప్ప ఆజాద్ హింద్ ఫౌజులో ఉన్నారు. ఒకే తల్లి బిడ్డలు ఇద్దరు, దేశభక్తిలో ఎవరికెవరూ తీసిపోనివారు, ఎదురెదురు సైన్యాలలో నిలవవలసి వచ్చింది. తిమ్మయ్యగారి రొమ్ముమీది పతకాన్ని చూసేటప్పుడు ఈ సంగతి మరువరాదని నా ఉద్దేశం.

1935 జనవరిలో నీనా కారియప్పగారితో వివాహం జరిగింది. ఆ యేడు మే 31న క్వెట్టా నగరాన్ని భూకంపం నేలమట్టం చేసినప్పుడు నవదంపతులు అక్కడే ఉన్నారు. శిథిలాల నడుమ చేసిన సేవకుగాను నీనాగారికీ కైజర్-ఇ-హింద్ పతకం లభించింది. తల్లికి ఒకటి, ఇల్లాలికి ఒకటి వచ్చాయి గాని, అప్పటికింకా తిమ్మయ్యగారికి ఏ శౌర్యచిహ్నమూ లేదు. తరువాత కొంతకాలం మద్రాసులో విశ్వవిద్యాలయ విద్యార్థులకు సైనిక శిక్షణ ఇచ్చే దళంలో పనిచేశారు.

ఇక ఆ విద్యార్థిని ప్రశ్నకు మూలమైన ఘట్టానికి వద్దాం. 1944లో తిమ్మయ్యగారు హైదరాబాద్ రెజిమెంటు ఎనిమిదవ బెటాలియన్‌కు అధిపతిగా బర్మాలోని అరకాన్ తీరంలో బాధ్యత స్వీకరించారు. హోదా లెఫ్టినెంట్ కర్నల్. ఆ పటాలం ఉన్న 51వ బ్రిగేడ్‌కు ఒక విశేషం ఉంది. దానిలోని మూడు పటాలాలకూ భారతీయులే నాయకులు. పంజాబ్ రెజిమెంటు పటాలానికి ఎస్.పి.పి. థోరట్, బలూచ్ పటాలానికి ఎల్.పి. సేన్, హైదరాబాద్ పటాలానికి తిమ్మయ్య. బ్రిగేడియరు హట్టన్ మాత్రం ఆంగ్లేయుడు. 1923లో మొదలైన శంకకు పరీక్షాస్థలం ఇదే అయింది.

1945 జనవరిలో జపాను సేనలు తీరం వెంట ఉన్న ఒకే ఒక బాట గుండా దక్షిణానికి తరలిపోతున్నాయి. కంగా అనే గ్రామం వద్ద ఆ బాటను తెగగొడితే శత్రువు చిక్కుబడతాడు. అయితే అక్కడికి చేరే దారి మడ అడవుల మధ్య మెలికలు తిరిగే ఉప్పుకయ్య. పోటు వచ్చినప్పుడే పడవలు కదులుతాయి, పాటు వస్తే మోకాటిలోతు బురద. జనవరి 22న కమాండో దళాలు ముందుగా దిగి ఒక గుట్టను పట్టుకొన్నాయి. వెనుకనే 51వ బ్రిగేడ్ దిగింది. మార్గం తెగితే తమకు చావేనని గ్రహించిన జపానీయులు రాత్రింబవళ్ళు ఫిరంగులు ప్రయోగించారు. మెల్‌రోజ్ అని సంకేతనామం పెట్టిన కొండకోసం ఆ బ్రిగేడ్ పటాలాలు ఒకదాని వెంట ఒకటి తలపడ్డాయి. కందకాలలోకి దూకి బాయొనెట్లతో ముఖాముఖి పోరాడిన యుద్ధమది. ప్రక్క గుట్టమీద జనవరి 31న నోలండ్ అనే యువ కమాండో అధికారి ప్రాణాలర్పించి విక్టోరియా క్రాస్ పొందారంటే ఆ రంగం తీవ్రతను ఊహించుకోవచ్చు. ఫిబ్రవరి నాటికి బాట తెగింది.

ముగ్గురు భారతీయ నాయకులకూ డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్ ప్రకటించారు. సంక్షిప్తంగా డి.ఎస్.ఓ. అంటారు. 1886లో స్థాపించబడిన గౌరవమిది. తెల్లని ఎనామెల్ పూత పూసిన శిలువ, దాని నడుమ ఆకుపచ్చని మాల, నీలి అంచులుగల ఎర్రని పట్టీ. శత్రువు కాల్పుల నడుమ సేనను నడిపిన అధికారికి సాధారణంగా దీనిని ఇస్తారు. కనుక ఆ బాలిక ప్రశ్నకు సగం సమాధానం ఇక్కడ దొరుకుతుంది. తిమ్మయ్యగారు ఆ పతకం పొందేనాటికి జనరల్ కారు, కొండక్రింద గుండ్లవాన మధ్య తన జవానులతోపాటు నిలిచిన పటాలం నాయకుడు. ఒక బ్రిగేడ్‌లో ముగ్గురికీ ఒకే పోరాటానికి ఒకే పతకం రావడంతో, భారతీయులు సేనను నడపగలరా అన్న పాత వాదం మళ్ళీ తలెత్తలేదు. కొద్దికాలానికే ఆయన 36వ బ్రిగేడ్‌కు అధిపతి అయ్యారు. ఆ యుద్ధంలో రణరంగాన బ్రిగేడ్‌ను నడిపిన భారతీయుడు ఆయన ఒక్కరే. 1945 సెప్టెంబరు 12న సింగపూరులో జపాను సేనలు లొంగిపోయినప్పుడు భారతదేశం పక్షాన హాజరయ్యారు. పిదప ఆక్రమిత జపానులో భారత బ్రిగేడ్‌ను నడిపారు.

స్వాతంత్ర్యం వచ్చింది. దేశ విభజన నాటి పంజాబులో శరణార్థులను కాపాడే భారం మేజర్ జనరల్ తిమ్మయ్యపై పడింది. ఆ భీకర దినాల గురించి విస్తరించడానికి ఇక్కడ తావు చాలదు. 1948 మే నెలలో కాశ్మీరులోని డివిజన్‌కు అధిపతిగా వెళ్ళారు. లడఖ్ రాజధాని లేహ్ అప్పటికే ముట్టడి అంచున ఉంది. ఇంజనీరు సోనమ్ నోర్బు స్థానికుల సాయంతో సింధునది ప్రక్కన ఇసుకలో ఒక విమానపు బాట తీర్చారు. మే 24న ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్ డకోటా విమానాన్ని హిమాలయ శిఖరాల మీదుగా, దారి చూపే పరికరాలేవీ లేకుండానే నడిపి, సముద్రమట్టానికి పది వేల అడుగులకు పైన ఉన్న ఆ ఇసుకలో దింపారు. అటువంటి ప్రయాణం అంతకుముందెవరూ చేయలేదు. మొదటి విమానంలో ప్రయాణికుడుగా కూర్చున్నది డివిజన్ అధిపతే. తాను ఎక్కని విమానంలో జవానులను ఎక్కించడం ఆయన పద్ధతి కాదు.

అంతలో శత్రువు ద్రాస్, కార్గిల్ పట్టుకొని, శ్రీనగర్-లేహ్ మార్గంలోని జోజిలా కనుమలో తిష్ఠవేశాడు. కనుమ ఎత్తు 11,500 అడుగులకు పైమాటే. సెప్టెంబరులో కాల్బలంతో చేసిన దాడులు విఫలమయ్యాయి. హిమపాతం మొదలైతే లేహ్ ఆ చలికాలం గడవదు. అప్పుడు ట్యాంకులను కనుమపైకి ఎక్కించాలనే సాహసోపేతమైన నిర్ణయం జరిగింది. తిమ్మయ్యగారికి పై అధికారిగా అప్పటి కోర్ కమాండరు శ్రీనాగేశ్. ఆయనా హైదరాబాద్ రెజిమెంటు సంతతే. తరువాత ఆంధ్రప్రదేశ్‌కు, ఆపైన మైసూరు రాష్ట్రానికి గవర్నరు అయిన శ్రీనాగేశ్‌గారే ఈయన.

ఏడవ కాల్వరీకి చెందిన స్టూవర్ట్ ట్యాంకులను జమ్మూ నుండి శ్రీనగరుకు రహస్యంగా తరలించారు. పై టరెట్లు విప్పదీసి, కప్పులు కప్పి, నగరంలో కర్ఫ్యూ పెట్టి దాటించారు. దారిలో వంతెనలకు బలం చేకూర్చారు. అయినా బాల్తాల్ నుండి కనుమకు ఉన్నది కంచరగాడిద నడిచే బాట మాత్రమే. దానిని ట్యాంకు పట్టేంత వెడల్పు చేసినవారు మేజర్ తంగరాజు నాయకత్వంలోని మద్రాసు సాపర్లు. శత్రువు తుపాకుల క్రింద, ఎముకలు కొరికే చలిలో, ఎండకూ ఉక్కకూ అలవాటుపడిన దక్షిణాది జవానులు కొండను తొలిచారు. తమిళులు, తెలుగువారు, కన్నడిగులు, మలయాళీలు కలిసి పనిచేసే ఆ దళపు కేంద్రం మన బెంగుళూరులో అలసూరు చెరువు ప్రక్కనే ఉంది. లడఖ్ నిలిచిందంటే అందులో వారి గడ్డపారల పాలు ఎంతో ఉందని గుర్తుచేయకుండా ముందుకు సాగలేను.

వాతావరణం అనుకూలించక వాయిదా పడిన దాడి నవంబరు 1వ తేదీన జరిగింది. మంచు కురుస్తున్న మధ్యాహ్నం లెఫ్టినెంట్ కర్నల్ రాజిందర్ సింగ్ ట్యాంకులు కనుమలోకి చొచ్చుకొనిపోయాయి. ప్రపంచ యుద్ధ చరిత్రలో అంత ఎత్తున ట్యాంకులు పోరాడడం అదే ప్రథమం. బంకర్లలో నిశ్చింతగా ఉన్న శత్రువు దిగ్భ్రాంతి చెంది తోకముడిచాడు. సాయంత్రానికి గుమ్రీ మైదానం మన కాల్బలం వశమైంది. ముందు సాగిన ట్యాంకులో మేజర్ జనరల్ తిమ్మయ్య స్వయంగా ఉన్నారు. యుద్ధశాస్త్రం దీనిని హర్షించదు. డివిజన్ అధిపతి ఒక గుండుకు బలి అయితే పదివేలమంది దిక్కులేనివారవుతారు. ఆ ఆక్షేపణలో సత్యం లేకపోలేదు. అయితే ఎవరూ వెళ్ళని చోటికి ఉక్కు బండిలో వెళ్ళమని ఇరవై యేళ్ళ కుర్రవాణ్ణి ఆజ్ఞాపించేటప్పుడు, ఆజ్ఞాపించినవాడు ప్రక్కన ఉంటే ఆ కుర్రవాని చేయి వణకదు. ఆ ఒక్కరోజుకు ఆయన చేసినది సబబేనని నా అభిప్రాయం. నవంబరు మధ్యలో ద్రాస్, 23న కార్గిల్ తిరిగి చేజిక్కాయి. లేహ్‌కు దారి తెరచుకొంది.

1950 జనవరి 26న భారత ప్రభుత్వం పరమవీరచక్ర, మహావీరచక్ర, వీరచక్రలను స్థాపించి, 1947 ఆగస్టు 15 నుండి జరిగిన పోరాటాలకు వర్తింపజేసింది. రాజిందర్ సింగ్‌కు మహావీరచక్ర వచ్చింది, మెహర్ సింగ్‌కూ వచ్చింది. తిమ్మయ్యగారికి మాత్రం ఆ వరుసలోని ఏ చక్రమూ రాలేదు. ఆయన రొమ్ముపై శౌర్యానికి గుర్తుగా చివరివరకు ఉన్నది పరాయి రాజు ఇచ్చిన డి.ఎస్.ఓ. మాత్రమే. అన్న ఎదుటి పక్షాన ఉన్న యుద్ధంలో పతకం వచ్చింది, సొంత దేశం కోసం ట్యాంకెక్కిన యుద్ధంలో రాలేదు. తన క్రింది వారికి వచ్చిన చక్రాలే చాలునని ఆయన భావించి ఉంటారని చెప్పడం సులభం. ఆయన మనసులో ఏముందో మనకెందుకు, వరుస చూస్తే సరిపోతుంది.

కొరియా యుద్ధానంతరం 1953లో తటస్థ దేశాల సంఘానికి అధ్యక్షుడై, స్వదేశానికి మరలడానికి నిరాకరించిన ఇరవై రెండు వేలకు పైగా ఖైదీల సమస్యను పరిష్కరించే కష్టతరమైన పని చేశారు. అక్కడ ఖైదీలను కాపాడిన భారత దళానికి నాయకుడు కంగాలో ప్రక్క పటాలాన్ని నడిపిన థోరట్‌గారే. 1954లో పద్మభూషణ్ లభించింది. 1957 మే 8న భారత సేనాధిపతి అయ్యారు. రక్షణమంత్రి కృష్ణమీనన్‌తో పొసగక 1959 ఆగస్టులో రాజీనామా సమర్పించి, ప్రధాని నెహ్రూ కోరికపై ఉపసంహరించుకొన్నారు. ఉపసంహరించుకోవడం పొరపాటని ఈనాటికీ వాదించేవారున్నారు. 1961 మే 7న పదవీవిరమణ చేసి కొడగు కాఫీ తోటలకు మరలారు. ఏడాదిన్నర తిరగకముందే చైనా యుద్ధం వచ్చింది.

1964లో ఐక్యరాజ్యసమితి పిలుపుపై సైప్రస్ ద్వీపంలోని శాంతిసేనకు అధిపతిగా వెళ్ళారు. గ్రీకులకూ తుర్కులకూ నడుమ నిలిచి పనిచేస్తూ, 1965 డిసెంబరు 18న గుండెపోటుతో అక్కడే కన్నుమూశారు. పార్థివదేహాన్ని బెంగుళూరుకు తెచ్చారు. మరుసటి యేడు సైప్రస్ ప్రభుత్వం ఆయన చిత్రంతో తపాలా బిళ్ళ వెలువరించింది. మడికేరిలో ఆయన పుట్టిపెరిగిన సన్నీసైడ్ అనే ఇంటిని స్మారక ప్రదర్శనశాలగా తీర్చిదిద్ది 2021 ఫిబ్రవరిలో ప్రారంభించారు. మన పాఠశాల నుండి ఉదయాన బస్సులో బయలుదేరితే మధ్యాహ్నానికి చేరవచ్చు. ప్రశ్న అడిగిన బాలిక ఈ యేడు పదవ తరగతిలో ఉంది, విహారయాత్రకు ఆ ఊరి పేరే సూచించిందని విన్నాను.