గుప్పెడు బియ్యం – డోర్నకల్ పాఠం

పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. ఆ పూట ఎందరు తినాలో లెక్క చూసుకుని ఇల్లాలు బియ్యం కొలుస్తుంది. ఎసట్లో పోసే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేస్తుంది. బియ్యం లేని ఇంట్లో అవి జొన్నలే. ఆ గుప్పెడు దేవునిది. ఆదివారం వచ్చేసరికి ఆ కుండ గుడికి చేరుతుంది. తెలుగు సంఘాల్లో మన అమ్మమ్మలు, నాయనమ్మలు ఎలాంటి ఆర్భాటమూ లేకుండా చేసిన పని ఇది. కూలికి వెళితే తప్ప పూట గడవని కుటుంబాలకు ఈ అలవాటును నేర్పి, ఆ గుప్పెళ్ల మీదే సంఘం నిలబడగలదని నమ్మిన కాపరి ఒకరున్నారు. ఆయనే డోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

ఈ రోజుల్లో ఏ సంఘ కమిటీ కూర్చున్నా నిధుల మాట రాకుండా ముగియదు. చర్చి పైకప్పు కురుస్తోంది, ప్రహరీ సగంలో ఆగింది, పక్క ఊళ్లో సువార్త పనికి బండి కావాలి, పేద పిల్లల ఫీజులు కట్టాలి. అవసరాలన్నీ నిజమైనవే. అయితే ఎవరిని అడగాలి? ఉన్నవాళ్లనా, విదేశాల్లో ఉన్న బంధువులనా, లేక వెనక బల్లల మీద కూర్చునే కూలి జనాన్నా? వందేళ్ల క్రితం అజరయ్య ముందు నిలిచిన ప్రశ్న కూడా ఇదే.

అజరయ్య తెలుగువాడు కాదు. 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో, వెల్లాళన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ పల్లె సంఘానికి కాపరి. తల్లి ఎలెన్ ప్రార్థనాపరురాలు. తండ్రి తొందరగానే కన్నుమూయడంతో కొడుకు పెంపకం తల్లి మీదే పడింది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివినా అనారోగ్యం వల్ల చివరి పరీక్ష రాయలేకపోయారు. డిగ్రీ చేతికి రాలేదు. అదే వ్యక్తికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. మనుషులు ఖాళీగా వదిలేసిన చోటును దేవుడు ఎలా నింపుతాడో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

ఇరవై ఒకటో ఏట ఆయన వైఎంసీఏలో కార్యదర్శిగా చేరారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహం చేసుకున్నారు. కాలేజీ చదువు చదివిన తొలితరం దక్షిణాది క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. ఆ పెళ్లిలో కట్నం లేదు, హంగు లేదు. ఇవ్వడం గురించి తర్వాతి కాలంలో ఆయన అంత ధైర్యంగా బోధించగలిగారంటే, ముందు తన ఇంట్లో తీసుకోవడాన్ని అదుపులో పెట్టుకోవడమే అందుకు కారణమని మేము నమ్ముతాం.

1902లో వైఎంసీఏ పని మీద ఆయన జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు కొద్దిమందే. అయినా తమలో తాము చందాలు వేసుకుని, సముద్రం దాటి మన దేశంలో సువార్త పని జరిపిస్తున్నారు. ఆ సంగతి అజరయ్య గుండెను గుచ్చింది. తిరునెల్వేలిలో విశ్వాసులు వేలాదిగా ఉన్నారు, బడులున్నాయి, పెద్ద పెద్ద చర్చిలున్నాయి. కానీ మిషనరీలను పంపడం అంటే అది తెల్లదొరల పని అన్న భావం వారిలో స్థిరపడిపోయింది. తీసుకోవడానికి అలవాటు పడిన సంఘం, ఇవ్వగలనన్న సంగతినే మరచిపోయింది.

ఆ బాధలోంచే 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. దాని నియమాలు సూటిగా ఉన్నాయి. మనుషులు మనవాళ్లే, డబ్బు మనదే, నిర్వహణ కూడా మనదే. 1905 క్రిస్మస్ రోజున సేరంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. అందులోనూ అజరయ్యది ముఖ్యపాత్ర. తిరునెల్వేలి సంఘాలు తమ కానుకలతో పని మొదలుపెట్టడానికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. తమిళ పల్లెల్లోని విశ్వాసుల చందా డబ్బులు తెలుగు పల్లెల్లో సువార్తగా మారాయన్నమాట.

అందరినీ వెళ్లమని చెబుతూ తాను మద్రాసులో కూర్చోవడం అజరయ్యకు నచ్చలేదు. 1909లో వైఎంసీఏ ఉద్యోగం వదిలి, అభిషేకం పొంది డోర్నకల్ చేరారు. అప్పటికి ఆయన వయసు 35. ఆ వయసులో తెలుగు అక్షరాలు దిద్దారు. మొదట్లో నివాసం డేరాలో. ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెపల్లె తిరిగారు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడారు. మిషనరీలు మా దేశం కోసం ఆస్తిని, ప్రాణాన్ని ధారపోశారు, అందుకు కృతజ్ఞులం, కానీ మమ్మల్ని సమానులుగా చూసే స్నేహం ఇంకా కరువుగానే ఉందన్నది ఆ ప్రసంగ సారాంశం. సభలో కొందరికి అది చేదుగా తగిలింది. అయితే ఆయన ఆ రోజు వేలు పెట్టి చూపించింది చాలా లోతైన గాయాన్ని. ఎప్పుడూ ఇచ్చే చెయ్యి పైనే ఉంటుంది, తీసుకునే చెయ్యి కిందే ఉంటుంది. ఆ రెండు చేతులూ కలిసి స్నేహం కావాలంటే కిందున్న చెయ్యి కూడా ఇవ్వడం నేర్చుకోవాలి.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అజరయ్య బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. దొరల్లోనూ, మనవాళ్లలోనూ ఆ నియామకాన్ని వ్యతిరేకించినవారున్నారు. ఆయన వాదించలేదు, పని చేశారు.

ఆ పని ఎవరి మధ్య? డోర్నకల్ చుట్టుపక్కల పల్లెల్లో ప్రభువును నమ్ముకున్నవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. ఊరికి దూరంగా ఇళ్లు, ఊరి బావి నీళ్లు తోడుకునే హక్కు లేదు. వెట్టిచాకిరీ, అప్పు, ఆకలి. ఇలాంటివారిని కానుక అడగడం న్యాయమేనా? ముందు వారి కడుపు నింపాలి గదా? ఈ ప్రశ్నను కొట్టిపారేయడానికి లేదు. బీదల కష్టార్జితాన్ని దేవుని పేరుతో దోచుకునేవారు ఏ కాలంలోనైనా ఉన్నారు.

అజరయ్య దారి వేరు. తరతరాలుగా సమాజం ఆ ప్రజలకు ఒకే మాట నేర్పింది: మీ దగ్గర ఇవ్వదగ్గదేదీ లేదు, మీరు చేయి చాచవలసినవారు. సంఘం కూడా వారికి అన్నీ ఉచితంగా ఇచ్చి ఊరుకుంటే అదే మాటను ప్రేమగా చెప్పినట్లవుతుంది. అందుకే ఆయన వారిని దేవుని ఎదుట దాతలుగా నిలబెట్టారు. ఇల్లాలి గుప్పెడు బియ్యం, రైతుకూలీ పంటలో తొలిపాలు, కోతల పండుగకు తెచ్చిన కోడి, గుమ్మడికాయ, కోడిగుడ్లు అన్నీ బలిపీఠం దగ్గరికి వచ్చేవి. పాటలతో, డప్పులతో, ఊరేగింపుగా వచ్చేవి. డబ్బు లేని చోట కూడా కానుక ఉంటుందని ఆ పండుగలు చూపించాయి. పల్లె ఉపాధ్యాయుల పోషణలో తమ వంతు భారాన్ని సంఘాలే మోయాలని ఆయన పట్టుపట్టారు.

ఇచ్చేది ధాన్యమే కాదు, కాలం కూడా. ఏటా సాక్ష్యపు వారం అని ఒకటి పెట్టారు. ఆ రోజుల్లో చదువు వచ్చినవారూ రానివారూ చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లి తమ ప్రభువును గురించి చెప్పాలి. కూలివాడు పని మానుకోవడమంటే ఆ రోజు కూలి పోగొట్టుకోవడమే. అది కూడా కానుకే. కొత్తగా బాప్తిస్మం పొందినవారి చేత, తల మీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పే బాధ్యత తమదని ఒప్పుకోలు చేయించేవారు. సంఘమంటే పాదిరి ఒక్కడే కాదని వారికి అలా తెలిసింది. వారి జీవితాల్లో వచ్చిన మార్పును కళ్లారా చూసి, ఇతర కులాలవారు కూడా కొందరు ప్రభువు దగ్గరికి వచ్చారు. 1940ల నాటికి ఆ అధ్యక్ష ప్రాంతంలో విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

ఇక కట్టడం సంగతి. డోర్నకల్‌లో ఒక కెథడ్రల్ కట్టాలన్న ఆలోచన తొలి సంవత్సరాల్లోనే ఉంది. కానీ ప్రపంచ యుద్ధం వచ్చింది, కరువు వచ్చింది, డబ్బు చాలలేదు. పని సాగింది, ఆగింది, మళ్లీ సాగింది. సుమారు పాతికేళ్లు పట్టింది. ఆ పాతికేళ్లలో పల్లెల్లో బడులు, ఆసుపత్రి సేవలు పెరిగాయి. డోర్నకల్ వేదపాఠశాలలో తెలుగు కాపరులు తయారయ్యారు. వారి భార్యలకు కూడా అక్కడ శిక్షణ ఇచ్చారు. గుడి గోడలు లేచే లోపే సంఘం లేచి నిలబడింది.

చివరికి 1939 జనవరి 6న, ప్రత్యక్షత పండుగ నాడు, ఎపిఫనీ కెథడ్రల్ ప్రతిష్ట జరిగింది. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఆ గుడిని చూసినవారికి తెలుసు. గుమ్మటాలు, మినార్లు మసీదును గుర్తు చేస్తాయి, చెక్కిన రాతి స్తంభాలు దక్షిణాది కోవెలను గుర్తు చేస్తాయి. ఇంగ్లండు నుంచి తెచ్చిపెట్టినట్లుండదు. ఊళ్లో గుడి ఛాయలకు కూడా పోనివ్వని ప్రజలు, ఈ గుడిలో రాతి స్తంభాల మధ్య తల ఎత్తుకుని నిలబడి ఆరాధించారు.

కానుకల మీద ఆయన ఒక పుస్తకమే రాశారు. అది అనేక భాషల్లోకి వెళ్లింది. సంఘాల ఐక్యత కోసం 1919 నుంచి తపించారు. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడింది గాని, ఆయన దాన్ని కళ్లతో చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ప్రభువు సన్నిధికి చేరారు. ఎడ్లబండి మీద తిరిగిన ఆ నేలలోనే సమాధి అయ్యారు.

ఇది రాస్తూ మేము ఒక తప్పును ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం మేము సేవచేసిన ఒక సంఘంలో గుడి మరమ్మతుకు నిధి పోగుచేస్తున్నాం. దినకూలీకి వెళ్లే ఒక తల్లి చీరకొంగు విప్పి నూరు రూపాయలు ఇవ్వబోయింది. ఆమె పరిస్థితి తెలిసి, నీ దగ్గరే ఉంచుకో అమ్మా, మందులకు పనికొస్తాయి అన్నాం. జాలితోనే అన్నాం. ఆమె మాత్రం మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. తర్వాత పాలరాతి మీద దాతల పేర్లు చెక్కించినప్పుడు గాని మాకు తట్టలేదు, మేము ఆమె డబ్బు కాదు, ఆమె ఆరాధనను తిప్పి పంపామని. ప్రభువు కానుకపెట్టె ఎదుట కూర్చుని ఆ విధవరాలిని చూశాడే గాని ఆమె చెయ్యి పట్టుకుని ఆపలేదు (మార్కు 12:41-44). ఆ వారమే ఆమె ఇంటికి వెళ్లి, క్షమించమని అడిగి, ఆ కానుకను రెండు చేతులతో తీసుకున్నాం. వెళ్లేటప్పుడు మందులు కూడా పట్టుకెళ్లాం. అసలు ముందే చేయవలసిన పని అది.

కానుక తీసుకునే సంఘానికి ఇచ్చినవారి ఆకలి పట్టకపోతే అది దోపిడీ. ఆకలి తీర్చి కానుకను వద్దంటే అది అవమానం. ఈ రెంటి మధ్య నడవడమే కష్టం, అజరయ్య నడిచిన దారి అదే. మాసిదోనియ సంఘాలు కూడా నిరుపేదలే, అయినా యెరూషలేము పరిశుద్ధుల సహాయంలో తమకూ పాలివ్వమని పౌలును బతిమాలుకున్నాయి. డబ్బుకు ముందు తమను తామే ప్రభువుకు అప్పగించుకున్నాయి (2 కొరింథీ 8:1-5).

మన సంఘాలు కట్టవలసినవి కట్టాలి, చేయవలసిన పరిచర్య చేయాలి. చందా పుస్తకం తెరిచేటప్పుడు మాత్రం పెద్ద అంకెల కోసం మొదటి పేజీ ఖాళీగా ఉంచే అలవాటు మానుకుందాం. ఆ పేజీలో ఒక గుప్పెడు బియ్యానికి కూడా చోటుండాలి.